మిద్దె తోటకు 'రెడీ మిక్స్' మట్టి కొంటున్నారా? బస్తాలు దించుకునే ముందు ఇది చదవండి

తొలకరి పడింది కదా, హైదరాబాద్ కాలనీల్లో మళ్లీ మట్టి ఆటోలు తిరుగుతున్నాయి. "ఎర్రమట్టి, వర్మీ కంపోస్ట్, కోకోపీట్, వేపపిండి అన్నీ కలిపే తెచ్చాం మేడం, కుండీలో పోసి విత్తనం వేసుకోవడమే" అంటారు. (వర్మీ కంపోస్ట్ అంటే వానపాములతో చేసిన ఎరువు, కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొడి.) నిరుడు జూన్‌లో ఆ మాట నమ్మి ముప్పై బస్తాలు దించుకున్నాను. బస్తా 250 రూపాయలు, మొత్తం 7,500. పైకి మోసినందుకు 600 వేరే. అమ్మినతని పేరు రాయడం లేదు. బిల్లు అడగలేదు, అది నా తప్పే.

మొదటి వారం అంతా బాగానే ఉంది. టమాటా, మిరప నారు నాటాను, బెండ గింజలు పెట్టాను. రెండో వారానికి బెండలో సగం మొలవనే లేదు. టమాటా లేత ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నీళ్లు పోస్తే పావుగంట దాకా ఇంకేవి కావు. ఎండ తగిలితే పైన పలకలా గట్టిపడి బీటలు ఇచ్చేది.

అతనికే ఫోన్ చేశాను. "మైక్రోన్యూట్రియంట్స్ తక్కువయ్యాయి మేడం" అని 350 రూపాయల సూక్ష్మ పోషకాల సీసా పంపాడు. అది కొట్టినా మార్పు లేదు. తర్వాత ఎవరో చెప్పారని ఎప్సమ్ సాల్ట్ వేశాను. అది మెగ్నీషియం లోపానికి వాడేది, ఆ లోపం ముదురు ఆకుల్లో ముందు కనబడుతుంది. నా మొక్కల్లో పసుపెక్కినవి లేత ఆకులు. ఈ సంగతి అప్పుడు తెలియదు. ఆకు చూసి మందు కొనడమే తప్ప కుండీలో చెయ్యి పెట్టి చూద్దామన్న ఆలోచనే రాలేదు. ఆలోగా తుంగ మొలిచింది. పైన పీకితే కింద గడ్డ ఉండిపోతుంది, నాలుగు రోజుల్లో మళ్లీ లేస్తుంది. తుంగతో పడ్డవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

దసరాకి నాన్న ఊరి నుంచి వచ్చారు. పిడికెడు మట్టి తీసి తడిపి, ముద్ద చేసి, వేళ్ల మధ్య నలిపి చూశారు. "ఇది చెలక మట్టి కాదు బిడ్డా, పునాది మట్టి. దీంట్ల ఏం మొలుస్తది?" అన్నారు. చెలక అంటే పంట పండే ఎర్రనేల. ఇదేమో సెల్లార్లు తవ్వినప్పుడు లోతు నుంచి తీసిన మట్టి అన్నమాట. రంగు ఎర్రగానే ఉంటుంది, కానీ ఆకు అలము కుళ్లిన సారం ఏమీ ఉండదు. దానికి తోడు సున్నపు రాళ్లు, సిమెంటు పెళ్లలు. నేను నిమ్మచెక్క పిండితే బుస్సుమని నురగ వచ్చింది. భూసార పరీక్షకు ఇస్తే పీహెచ్ (మట్టి పులుపు, క్షార గుణాల కొలత) 8.5 వచ్చింది. కూరగాయలకు 6 నుంచి 7.5 మధ్య ఉంటే మంచిది. సున్నం అంత ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, లేత ఆకు పాలిపోతుంది. తప్పు మట్టిలో ఉంటే పైన సీసా కొట్టి ఏం లాభం?

మరి ఆ వర్మీ కంపోస్ట్ సంగతి? మిగిలిన బస్తాల్లో ఒకటి విప్పి చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, పేడ వాసన కొట్టింది. లోపల తెల్లగా లావుగా వంకర తిరిగిన పురుగులు. మాగని పేడనే మట్టిలో కలిపి, నల్లగా ఉందని వర్మీ పేరు పెట్టారు. అసలు వర్మీ కంపోస్ట్ టీపొడిలా పొడిపొడిగా ఉంటుంది, దుర్వాసన ఉండదు. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. పిండితే నీళ్లు కారుతున్నాయంటే మీరు నీళ్లకి డబ్బు కడుతున్నట్టే.

కాబట్టి ఎంత బేరం కుదిరినా ముందు ఒక్క బస్తానే తీసుకోండి. ఒక్కటి అమ్మనంటే ఆ మనిషిని పంపేయండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు పోసి బాగా ఊపి పక్కన పెట్టండి. ఇసుక నిమిషంలో అడుక్కు దిగుతుంది. మర్నాటికీ నీళ్లు ఎర్రగా మురికిగానే ఉంటే బంక ఎక్కువని అర్థం. తర్వాత ఒక డబ్బాలో అదే మట్టి వేసి గుప్పెడు మెంతులు చల్లండి. నాలుగైదు రోజుల్లో మొలిచి పచ్చగా నిలబడితే సరే. మొలకలు మాడినా, తలలు వాల్చినా మిగతా బస్తాలు వద్దు. కంపోస్ట్ అయితే కాస్త తడిపి కవర్లో కట్టి మూడు రోజులు ఉంచి విప్పండి. కంపు కొడితే ఇంకా మాగలేదు.

సంచి మీద తయారీదారు పేరు, బరువు, నెల, ధర ఉన్నాయో లేదో చూడండి. నా బస్తాల మీద అవేవీ లేవు, పాత సిమెంటు సంచులవి. బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. నేను చేయలేకపోయాను.

ఇప్పుడు నాన్న పంపిన చెలక మట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కడిగిన కోకోపీట్ ఒక పాలు కలిపి వాడుతున్నాను. కోకోపీట్ కడగడం మానకండి, దాన్ని ఇటుకల్లా నొక్కి అమ్ముతారు, కొన్నిట్లో ఉప్పు బాగా ఉంటుంది. మొన్న మిరప పూతకొచ్చింది.

పాత బస్తాలు ఇంకా నాలుగు విప్పకుండానే ఉన్నాయి. ఎవరైనా ఇంటి పునాది నింపుకుంటుంటే చెప్పండి, ఊరికే ఇస్తాను. మోత కూలి మాత్రం మీదే.