కళ్లు మూసుకుని విన్న వార్తలు

కంటి ఆపరేషన్ తర్వాత పది రోజులు టీవీ, ఫోన్ చూడొద్దన్నారు డాక్టరు. వినొద్దనలేదు కదా అని మొదటి రోజే టీవీలో వార్తలు పెట్టించుకుని గోడ వైపు తిరిగి పడుకున్నా. పావుగంటకే విసుగొచ్చింది. 'ఈ దృశ్యాలు చూడండి' అంటారు, ఏ దృశ్యాలో చెప్పరు. 'వివరాలు స్క్రీన్ మీద ఉన్నాయి' అంటుంది యాంకరు, వెంటనే ఢమఢమా మ్యూజిక్. కింద స్క్రోలింగ్‌లో ఏం పోతోందో మా చెల్లి చదివి చెప్పాల్సి వచ్చింది. సగం వార్త నోటితో చెప్పనే చెప్పరని ఇన్నేళ్లు చూసినా గమనించలేదు.

రెండో రోజు నుంచి బీబీసీ వరల్డ్ సర్వీస్ రేడియో. ప్రతి గంటకూ ఐదు నిమిషాల బులెటిన్. ఎవరన్నారో ముందు చెప్పి, ఏమన్నారో తర్వాత చెబుతారు. కొటేషన్ గుర్తులు చెవికి కనపడవు మరి! 9,874 అని గుక్క తిప్పుకోకుండా చదవరు, దాదాపు పదివేలు అంటారు. చెయ్యి పట్టుకుని మెట్లు దింపినట్టుంటుంది. అన్నిటికన్నా నచ్చింది, బులెటిన్ అయిపోవడం. 1930 ఏప్రిల్ 18న ఇదే బీబీసీలో 'ఈరోజు వార్తలేమీ లేవు' అని చెప్పి పియానో వాయించారట. ఇరవై నాలుగు గంటల ఛానల్‌కి ఆ మాట ఎక్కడ వస్తుంది? ఒకే క్లిప్పు పదిసార్లు తిప్పుతుంది.

లోపాలున్నాయి. పరాయి దేశాల పేర్లు ఒక్కసారే వినపడి జారిపోతాయి, వెనక్కి తిప్పి వినడానికి లైవ్ వినేవాళ్లకి తీరిక ఉండదు. ఐదు నిమిషాల్లో ఎందుకు జరిగిందన్నది చాలాసార్లు మిగిలిపోతుంది. ఇక గంట కొట్టే ముందు వినపడే ఆ ఐదు పొట్టి బీప్‌లు, చివర ఒక పొడుగు బీప్. 1924 నుంచి ఉన్న టైమ్ సిగ్నల్. పొడుగుది మొదలైన క్షణమే గంట మొదలైనట్టు. యాప్‌లో వింటే మాత్రం దాంతో గడియారం సరిచేసుకోవద్దు. నాకు పొడుగు బీప్ వినపడేసరికి, చెల్లి గడియారంలో గంట ఎప్పుడో దాటింది.

కన్ను బాగయ్యాక టీవీ మళ్లీ చూస్తున్నా. తుఫాను ఎటు కదులుతోందో మ్యాపు చూస్తే తెలిసినంత బాగా మాటల్లో తెలియదు. రేడియో మాత్రం మానలేదు. నాలుగు స్టార్లు ఇస్తున్నా. తగ్గించిన ఆ ఒక్కటీ జారిపోయిన పేర్ల ఖాతాలో.