దూతల పాటకు ఎవరి సంగీతం మేలు?

డిసెంబరు దగ్గరపడితే నరసాపురం నుంచి రాజమహేంద్రవరం దాకా గోదావరి డెల్టా క్రైస్తవ సంఘాలన్నిటా పాటల సాధనే. పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఎలాగూ ఉంటాయి. వాటి సరసన పాశ్చాత్య శాస్త్రీయ బృందగానం కూడా పాడాలనుకునే క్వైర్లకు ఎవరి రచన తీసుకోవాలన్నదే చిక్కు. లూకా సువార్త రెండో అధ్యాయంలో యేసు పుట్టిన రాత్రి గొల్లలు విన్న దూతల స్తోత్రానికి, అంటే ‘దేవునికి మహిమ, భూమి మీద సమాధానం (శాంతి)’ అన్న వచనానికి, పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ స్వరకర్తలు బాక్, హ్యాండెల్, వివాల్డి ముగ్గురూ స్వరాలు కట్టారు. ఆ ఒక్క వచనంతో పోల్చి చూద్దాం.

బాక్ ‘క్రిస్మస్ ఒరటోరియో’ (బైబిలు కథను గానంగా వినిపించే రచన) ఆరు భాగాలది. దూతల గానమున్న రెండో భాగాన్ని 1734 డిసెంబరు 26న లైప్‌జిగ్‌లో పాడారు. వినడానికి అపురూపం. కానీ ఫ్లూట్లు, రకరకాల ఓబోలు (ఇవీ ఊదే వాద్యాలే) కలిసి ఇచ్చే రంగు కీబోర్డులో రాదు, పైగా జర్మన్ ఉచ్చారణ. మన క్వైర్లకు దీన్ని సిఫారసు చేయలేను.

హ్యాండెల్ 1741లో రాసిన ‘మెస్సయ’ మొదటిసారి 1742 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో వినిపించింది. అందరూ క్రిస్మస్‌కు పాడే ‘హల్లెలూయా’ నిజానికి రెండో భాగం ముగింపు. జనన వృత్తాంతం మొదటి భాగంలో ఉంది. అక్కడ దూతల పాట రెండు నిమిషాలకు మించదు. పై గొంతులు మహిమను ఎత్తుకోగానే మగ గొంతులు కిందికి దిగి భూమి మీద సమాధానమంటాయి. చివర వాద్యాలు సన్నగిల్లుతాయి, దూతలు వెళ్లిపోయినట్టు. ఎంత చక్కని ఊహ! ఈ వరుస పాడే మగవారు, అంటే టెనర్లు, బాస్‌లు, ఇద్దరు ముగ్గురే ఉంటే మాత్రం ఆ కింది వరుస తేలిపోతుంది.

నా ఓటు వివాల్డి ‘గ్లోరియా’కే. అరగంట రచన, పన్నెండు ఖండాలు; మొదటి రెండూ ఈ దూతల వచనానివే. ఆయన వెనిస్‌లో అనాథ బాలికలను పెంచే సంస్థలో సంగీతం నేర్పేవాడు. ‘గ్లోరియా’లో సోలోలన్నీ స్త్రీల గొంతులకే. బృందగానానికి మాత్రం నాలుగు వరుసలూ కావాలి. లాటిన్ పదాల్లో అచ్చులు నిండుగా పలుకుతాయి గనుక మన నోటికి తొందరగానే పట్టుబడతాయి.

అసలు కారణం రెండో ఖండం. మొదటి ఖండంలో మహిమ హుషారుగా సాగిపోతుంది. సమాధానం దగ్గరికి వచ్చేసరికి వివాల్డి అడుగు నెమ్మదిస్తుంది. ఒక గొంతు పట్టి నిలిపిన స్వరాన్ని ఇంకో గొంతు ఒరుసుకుంటూ వస్తుంది, ఆ బిగువు మెల్లగా సడలుతుంది, మళ్లీ మొదలవుతుంది. సమాధానం తేలిగ్గా దొరికేది కాదని ఆ స్వరాలే చెబుతాయి. మిగిలిన ఇద్దరూ ఈ మాట దగ్గర ఇంతసేపు ఆగరు.

కచేరీలో ముందు లూకా 2:8–14 తెలుగులో చదివించి, ఈ రెండు ఖండాలూ పాడి, వెంటనే సంఘమంతా ఎరిగిన కీర్తన ఎత్తుకోవాలి. సాధన అక్టోబరులోనే మొదలుపెట్టాలి, అదీ రెండో ఖండంతోనే. నెమ్మదిగా ఉంది కదా అని దాన్ని చివరికి వదిలేస్తే శ్రుతి జారిపోతుంది.