ఊరి చరిత్ర రాసేవాళ్లకు టోపో షీటు ఎంతవరకు పనికొస్తుంది? పోరుమామిళ్ల చెరువు మీద పెట్టి చూస్తే

సొంత ఊరి చరిత్ర రాద్దామని కూర్చునేవాళ్లు శాసనాలు వెతుకుతారు, కైఫీయతులు (ఊళ్ల పాత వృత్తాంతాలు) తిరగేస్తారు, మ్యాపు జోలికి మాత్రం పోరు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపో షీటు, అంటే నేల ఎత్తుపల్లాలు, వాగులు, చెరువులు, ఊళ్లు చూపే పటం, వాళ్ల ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో పీడీఎఫ్‌గా ఉచితంగానే దొరుకుతుంది. ఊరు అక్కడే ఎందుకు వెలిసిందో చెప్పడంలో దానికి సాటి లేదు. ఎవరి పొలం ఏ తూము కింద పారుతుందో మాత్రం అది చెప్పదు. ఆ పనికి దాన్ని నమ్ముకుంటే తప్పులే రాస్తారు.

బద్వేలు దగ్గరి పోరుమామిళ్లనే తీసుకుందాం. అక్కడి చెరువును మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. 1369 నాటి శాసనంలో మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు వరసగా చెప్పారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాశారు. ఆ అంగాల్లో సగం దాకా షీటు మీద సరిచూసుకోవచ్చు. కట్టకు ఆనుకునే కొండ ఉండాలంటుంది శాసనం. షీటు మీద గోధుమరంగు ఎత్తుగీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) ముద్దలుగా గుట్టలు, వాటిని కలుపుతూ కట్ట కనిపిస్తాయి. దిగువన చదునైన పంటభూమి ఉండాలంటుంది. పసుపురంగు పరుచుకున్న మేర అంతా సాగుభూమే. పడమర లంకమల, తూర్పున వెలిగొండ, నడుమ పెన్నలో కలిసే సగిలేరు. ఇంత లోయలో నీళ్లు ఎటు నుంచి ఎటు దిగుతాయో చూసుకుంటే చెరువు చోటు ఎంచినవాడి తెలివి అర్థమవుతుంది.

దోషాల దగ్గరకొచ్చేసరికి షీటు చేతులెత్తేస్తుంది. చెరువు నడుమ నేల ఉబ్బి ఉండటం ఒక దోషమని శాసనం అంటుంది. ఈ షీటులో ఒక ఎత్తుగీతకూ ఇంకో గీతకూ మధ్య 20 మీటర్ల తేడా. ఐదారు మీటర్ల ఉబ్బు వాటి మధ్య ఎక్కడో మాయమైపోతుంది. ఆయకట్టు వాలూ అంతే. కోనసీమ లాంటి చోట్లయితే గీతల కోసం వెతకడం దండగ, అక్కడ కాలువలు చూసే నేల వాలు ఊహించుకోవాలి.

అసలు చిక్కు షీటు నంబరుతోనే మొదలవుతుంది. పోరుమామిళ్ల దాదాపు 15 డిగ్రీల 1 నిమిషం ఉత్తరం, 78 డిగ్రీల 59 నిమిషాల తూర్పు. పాత లెక్కలో అది 57 ఐ/16 షీటు, అందులోనూ ఆగ్నేయ మూల. చుట్టుపక్కల పల్లెలన్నీ కావాలంటే కింద 57 జె/13, తూర్పున 57 ఎం/4, మూలకు 57 ఎన్/1 కూడా దించుకోవాల్సిందే. ఒక్కటే దించుకుని ‘మా ఆయకట్టు సగమే వచ్చింది’ అనుకోవద్దు. కొత్త సిరీస్‌లో నంబర్లు డి44తో మొదలవుతాయి. అక్షాంశ రేఖాంశాలకు ఆధారంగా తీసుకునే భూమి ఆకారపు లెక్క పాత ముద్రణలో ఎవరెస్ట్, కొత్తదానిలో ఫోన్ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 కాబట్టి ఫోన్ జీపీఎస్ చూపే చోటు పాత షీటు మీద వంద మీటర్లకు పైగా పక్కకు పడుతుంది. పాత షీటు తప్పని కొట్టిపారేయకండి, లెక్క మార్చి చూసుకోండి.

ప్రింటు తీయించేటప్పుడు షాపువాళ్లు అలవాటుగా ‘ఫిట్ టు పేజ్’ నొక్కుతారు, దాంతో స్కేలు పోతుంది. ‘యాక్చువల్ సైజ్’ అని గట్టిగా చెప్పండి. మ్యాపు భాగమే సుమారు 55 సెంటీమీటర్లు పొడవు, 54 వెడల్పు ఉంటుంది కనుక ఏ1 కాగితం కావాలి. చేతికి రాగానే స్కేలు పట్టీ మీద కిలోమీటరు 2 సెంటీమీటర్లు ఉందో లేదో రూలరుతో చూడండి. చెరువు విస్తీర్ణం కావాలంటే ట్రేసింగ్ పేపరు మీద గీసి, గ్రాఫు కాగితంపై గళ్లు లెక్కపెట్టొచ్చు. చదరపు సెంటీమీటరుకు 25 హెక్టార్లు, అంటే దాదాపు 62 ఎకరాలు. ఒక ఎకరం చేను షీటు మీద ఆవగింజంతే ఉంటుంది.

కట్ట పక్కన అంకె, దాని వెనక చిన్న ‘ఆర్’ అక్షరం ఉంటే అది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు, పక్క నేల నుంచి కట్ట ఎత్తు, మీటర్లలో. చాలామంది ఇక్కడే పొరబడతారు. అంచులో సర్వే చేసిన సంవత్సరం వేరు, ముద్రించిన సంవత్సరం వేరు. చరిత్రకు మొదటిదే రాసుకోవాలి. పేర్లు ఇంగ్లిషులో ఉంటాయి, త-ట, ద-డ తేడా తెలియదు, ఊళ్లో పెద్దవాళ్లను అడిగి సరిచూసుకోవాలి.

షీటులో రెవెన్యూ గ్రామాల పొలిమేరలు, సర్వే నంబర్లు ఉండవు. వాటికి ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల ‘మీ భూమి’ పోర్టల్‌లో గ్రామ పటం, ఎఫ్ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం) చూడాలి. పాత ఎఫ్ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి: లింకు 20.1 సెంటీమీటర్లు, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబర్ల బదులు ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, పాత దస్తావేజుతో పోల్చాలంటే రెండింటి జాబితా పక్కన పెట్టుకోవాలి. తూముల వారీ ఆయకట్టు టోపో షీటులోనూ, ఈ భూరికార్డుల్లోనూ దొరకదు. దానికి సాగునీటి శాఖ ఆయకట్టు రిజిస్టరు అడగండి, లేదా పొలాలకు నీళ్లు వదిలే మనిషిని వెంటబెట్టుకుని కాలువ వెంట నడవండి.