లక్సర్‌లో ఫరోల నాటి మిఠాయి తరగతి: గోడ మీద ఉన్నంత మేర నిజం

లక్సర్‌లో నైలు దాటి పడమటి గట్టుకు వెళ్తే, చెరకు పొలాల అంచున ఉన్న అతిథి గృహాల్లో ఒకటి ప్రాచీన ఈజిప్టు మిఠాయిల తరగతి నడుపుతోంది. మెచ్చుకోవలసిన దానితో పాటు తిట్టవలసిందీ ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. పొద్దున్నే ఒక సమాధి చూపిస్తారు, తరువాత మేడ మీది వంటింట్లో మూడు రకాలు చేయిస్తారు, మిగిలినవి పొట్లం కట్టి ఇస్తారు. ఆ మూడింటిలో మొదటిదాని కోసం మళ్లీ డబ్బు కట్టమన్నా కడతాను. మూడోదాన్ని మాత్రం వాళ్లు తీసేస్తే మంచిది.

సమాధితో మొదలుపెట్టడం తెలివైన పని. షేక్ అబ్ద్ అల్ ఖుర్నా కొండ వాలులో ఉన్న రెఖ్మిరే సమాధి అది. క్రీస్తుపూర్వం 15వ శతాబ్దంలో ఫరో (రాజు) మూడవ తుత్మోస్ దగ్గర, ఆ తరువాత రెండవ అమెన్‌హోతెప్ దగ్గర వజీరుగా పనిచేసిన పెద్దమనిషి. లోపలి సన్నటి మండపంలో ముందుకు నడిచేకొద్దీ పైకప్పు ఎత్తు పెరుగుతూ పోతుంది, గోడల నిండా వరుసల మీద వరుసలుగా మనుషులు ఏదో ఒక పని చేస్తూనే ఉంటారు. వాళ్లలో మిఠాయి చేసేవాళ్లను వెతికి పట్టుకోవాలి. ఇద్దరు పొడవాటి రోకళ్లతో తుంగ గడ్డలు దంచుతుంటారు, ఒకడు పిండి జల్లిస్తాడు, తేనె, కొవ్వు చేరుతాయి, చివరికి కోసుగా నిలిచిన త్రిభుజాకారపు బిళ్లలు అమున్ దేవుడి ఆలయానికి నైవేద్యంగా సిద్ధమవుతాయి. తేనె తీసే దృశ్యం కూడా ఇదే సమాధిలో ఉంది: అడ్డంగా పేర్చిన మట్టి గొట్టాల్లాంటి తేనెపెట్టెలు, వాటికి పొగ పట్టే మనిషి. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

ఇక్కడే మొదటి ఫిర్యాదు. సమాధి టికెట్టు తరగతి రుసుములో కలవలేదు. ముందుగా టికెట్ల కార్యాలయంలో కొనుక్కుని రావాలి, కొండ మీద అమ్మరు. ఆ సంగతి కొండ దాకా నడిపించాక చెబితే ఏం లాభం?

నేర్పేది అందరూ హగ్గా అని పిలిచే పెద్దావిడ. అరబిక్ తప్ప మరో భాష రాదు, పక్కన మేనల్లుడు అనువాదం చేస్తుంటాడు. ఆమె మొదట చెప్పిన మాటే నాకు ఆమె మీద నమ్మకం కలిగించింది: గోడ పని చూపిస్తుంది గానీ కొలత చెప్పదు, మంట ఎంతో చెప్పదు, కాబట్టి ఆ రెండూ మా ఇంటివి. ఫరోల కాలం నాటి వంటల పుస్తకం ఒక్కటీ మనకు దక్కలేదు. ఎబెర్స్ పాపిరస్ లాంటి వైద్య గ్రంథాల్లో తేనె కనిపిస్తుంది కానీ అవి మందులు, మిఠాయిలు కావు. ఈ మాట ఒప్పుకొని మొదలుపెట్టే వంటమనిషి నిజాయితీపరురాలు.

మొదటి రకానికి ముడిసరుకు హబ్ అల్ అజీజ్. తుంగ జాతి మొక్క వేళ్లకు ఊరే చిన్న గడ్డ, శనగ గింజంత ఉంటుంది, ఒళ్లంతా ముడతలు. తాంతా పట్టణంలో సయ్యిద్ అల్ బదవీ అనే సూఫీ సాధువు ఉత్సవం నాడు వేయించిన శనగలతో పాటు దీన్నీ పొట్లాలుగా అమ్ముతారు కాబట్టి ఈజిప్టు వాళ్లకిది కొత్త కాదు. ఎండినది పళ్లకింద రాయిలా ఉంటుంది, అందుకే ముందు రాత్రే నానబెట్టి, గుడ్డ మీద ఆరబెట్టి ఉంచారు. ఆ తరువాత ఇత్తడి రోలు ముందు కూర్చోబెట్టారు.

దంచడం మొదలుపెట్టిన కాసేపటికి నాతో వచ్చిన ఒకాయన మిక్సీ లేదా అని అడిగాడు. హగ్గా మాట్లాడకుండా లోపలికి వెళ్లి, మిక్సీలో వేసినది ఒక గిన్నెలో తెచ్చి పక్కన పెట్టింది. నూనె వదిలి జిగురుగా ముద్దకట్టి ఉంది, అందులో తొక్క కూడా నలిగి కలిసిపోయింది. దంచినదాన్ని జల్లెడ పడితే తొక్క పీచులా పైన నిలిచింది, కింద లేత గోధుమరంగు పిండి రాలింది. పైన మిగిలింది మళ్లీ రోట్లోకి, మళ్లీ జల్లెడలోకి. గోడ మీద ఆ జల్లెడ మనిషికి అంత చోటు ఎందుకిచ్చారో అప్పుడు అర్థమైంది. మిఠాయి నోట్లో ఇసుకలా తగలకుండా కాపాడేది వాడే.

మూకుడులో కొవ్వు కరిగించి, పిండి వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, తేనె పోసి, అంచులు వదిలేదాకా కలిపాం. కొవ్వు విషయంలో నాకు నచ్చిన పట్టింపు ఒకటి ఉంది. ఈ ఊళ్లో నెయ్యి అంటే గేదె నెయ్యే ఎక్కువ, కానీ గేదెలు ఈజిప్టుకు వచ్చింది అరబ్బుల పాలన మొదలయ్యాకే. అందుకని ఆవు నెయ్యి ఒక గిన్నెలో, బాతు కొవ్వు ఒక గిన్నెలో పెట్టి ఎంచుకోమన్నారు. శాకాహారులు ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే గరిటె మాత్రం రెండింటికీ ఒకటే వాడుతున్నారు. వేడి మీదే చేతులకు నెయ్యి రాసుకుని కోసుగా ఒత్తాలి. చల్లారితే విరుగుతుంది. రుచి కొబ్బరికీ బాదానికీ మధ్య ఎక్కడో ఉంటుంది, తీపి తక్కువ, తిన్నాక చాలాసేపు తేనె వాసన నిలుస్తుంది. పంచదార అలవాటైన నాలుకకు మొదటి ముక్క చప్పగా అనిపించవచ్చు, రెండో ముక్క దాకా ఆగండి. చెరకు ఈ నేల మీదికి చాలా ఆలస్యంగా వచ్చింది, ఇప్పుడు కిటికీ అవతల కనిపించేదంతా అదే అయినా.

రెండోది చుట్టలుగా తిప్పి వేయించే అప్పచ్చి. మూడవ రామ్సెస్ సమాధిలోని రొట్టెల పని దృశ్యం దీనికి ఆధారం. పిండిని సన్నగా తాడులా పేని, నత్తగుల్లలా చుట్టి, కాగే కొవ్వులో వేసి రెండు పుల్లలతో తిప్పడం సరదాగా ఉంది. కానీ వాడింది మామూలు మైదా! ఆ రోజుల్లో ఈజిప్టులో రొట్టెకు ఎమ్మర్ అనే పాతకాలపు గోధుమే ప్రధానం, గ్రీకుల పాలన వచ్చాకే అది వెనకబడింది. కొవ్వు దగ్గర అంత పట్టింపు చూపినవాళ్లు పిండి దగ్గర ఎందుకు సర్దుకున్నారని అడిగితే ఖర్చు అన్నారు. ఖర్చే అయితే రుసుము ఇంకొన్ని గినీలు (ఈజిప్టు పౌండ్లు) పెంచండి, ఇస్తాం.

మూడోది ఖర్జూరం ఉండలు. ఏలకులు, దాల్చినచెక్క, వాల్‌నట్, పైన బాదం పొడి. ఇదంతా ఒక మట్టిపెంకు మీద రాసి దొరికిన వంటకమని మేనల్లుడు గొప్పగా చెప్పాడు. ఏ పెంకు, ఎక్కడ దొరికింది, ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది అంటే నవ్వే సమాధానం. హగ్గా అప్పటికే గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది. ఉండలు బాగానే ఉన్నాయి, తిన్నాను. ఖర్జూరం ఆ కాలానిదే, అనుమానం లేదు. కానీ ఆధారం ఉన్న సరుకు కావాలంటే దూరం వెళ్లనక్కరలేదు. 1922లో బయటపడిన టుటన్‌ఖామున్ సమాధి బుట్టల్లో ఖర్జూరాలతో పాటు దోమ్ తాటి పళ్లు, రేగు జాతి నబ్క్ పళ్లు కూడా ఉన్నాయి. రెండూ ఇప్పటికీ ఈ ఊరి బజారులో దొరుకుతాయి. దోమ్ పొడి, తేనె, ఖర్జూరం చాలు కదా ఒక ఉండకు?

వెళ్లేవారు ఎండ తగ్గిన నెలల్లో వెళ్లండి, మేడ మీది వంటింట్లో గాలి ఆడదు. రోలు ఒక్కటే ఉంది కాబట్టి గుంపు ఎంతో ముందే అడగండి, నలుగురు దాటితే సగం సమయం చూస్తూ కూర్చోవడమే. త్రిభుజపు బిళ్లలు మర్నాటికి గట్టిపడతాయి, రుచి చెడదు. ఇంటికి తెచ్చుకోవాలంటే వాళ్లు అమ్మే పొడి కొనకండి, తొక్కతో సహా మిల్లులో ఆడించింది. బజారులో అత్తార్ (సుగంధ ద్రవ్యాలు, మూలికలు అమ్మే) కొట్టులో గడ్డలే కొనుక్కుని, సన్నటి జల్లెడ ఒకటి వెంట తెచ్చుకోండి.