పర్లాకిమిడిలో ఒక టైపింగ్ షాపు: పని సూపర్, నోరే...

నాన్న పేరు మీదున్న పొలం నా పేరుకి మార్పించుకోవాలి, ఊరు ఒడిశాలోది కాబట్టి దరఖాస్తేమో ఒడియాలో ఉండాలి, నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు గానీ రాయడం రాదు, ఇక్కడ మా తెలుగోళ్ళలో చాలామందిది ఇదే గోల. అందుకే తహసీల్ ఆఫీసు దరిదాపుల్లో ఉన్న ఒక జెరాక్స్, టైపింగ్ షాపుకెళ్ళా. పేరు రాయట్లేదు, చిన్న ఊరు, గొడవెందుకు.

ముందు పని సంగతి. టైపింగ్ అదుర్స్. పాత పట్టా చూసి ఖాతా నంబరు, ప్లాట్ నంబరు ఒక్క తప్పు లేకుండా కొట్టాడు, భూమి రికార్డులుండే భూలేఖ్ సైట్ ఓపెన్ చేసి సరిచూసుకున్నాడు కూడా. మా ఇంటిపేరు రికార్డులో ఒకలా ఆధార్‌లో ఒకలా ఉంటే నేను చూళ్ళేదు, అతనే పట్టుకుని "అఫిడవిట్ పెట్టేయండి సార్, లేకపోతే తిప్పి పంపిస్తారు" అన్నాడు. పేజీకి 40, జెరాక్స్ 2 రూపాయలు, ఫోన్‌పే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. నాకు "రండి సార్, కూర్చోండి". నా వెనకాల గుమ్మ అనే ఊరి వైపు నుంచి వచ్చిన సవర తెగ ముసలామె, కాస్ట్ సర్టిఫికెట్ పని, ఆవిడకి "ఏయ్, అక్కడ నిలబడు, ఆధార్ తే". ఆవిడేమో కొడుకు వయసున్న వీణ్ణి పట్టుకుని బాబూ బాబూ అంటోంది. ఈలోగా ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేస్తే టక్కున లేచి నిలబడి "ఆజ్ఞా, ఆజ్ఞా" (అంటే చిత్తం, చిత్తం) అని ఒడియాలో వంగిపోయాడు. ఫోన్ పెట్టేసి పనబ్బాయితో "దాంది పక్కన పడేయ్, ముందు సార్‌ది తియ్" అన్నాడు. దాంది అంటే ఫారమా, ఆ ముసలామా? మన వ్యాకరణంలో వచ్చిన సుఖం ఇదే కదా, ఆడమనిషికీ కాగితానికీ ఒకటే "అది" సరిపోతుంది, అడిగితే ఫారాన్ని అన్నాను సార్ అని తప్పించుకోవచ్చు. నేను వచ్చింది ఆవిడ తర్వాత, నా పని అయింది ముందు, అది కూడా రాయాలిగా.

1960లో బ్రౌన్, గిల్మన్ అని ఇద్దరు అమెరికా వాళ్ళు యూరప్ భాషల్లో నువ్వు, మీరు గురించి పెద్ద వ్యాసం రాశారు. ఇద్దరూ ఒకరినొకరు నువ్వు అనుకుంటే చనువు, ఇద్దరూ మీరు అనుకుంటే మర్యాద, ఒకడు నువ్వంటుంటే రెండోవాడు మీరనే అనాల్సొస్తే అది పెత్తనం, స్థూలంగా వాళ్ళు చెప్పిందిదే. ఒడియాలో ఇంకో మెట్టు ఎక్కువ, తు, తుమే, ఆపణ. మా షాపాయన అన్ని మెట్లూ ఎక్కీ దిగీ చక్కగా వాడతాడు, భాష రాక కాదు.

కస్టమరే దేవుడంటారు గానీ ఇక్కడ డబ్బులిచ్చేవాడి మాట చెల్లదు, ఫారం చదవగలిగేవాడిదే రాజ్యం. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది, 1954లో ఒడియా అధికార భాష చట్టం వచ్చింది, అప్పట్నుంచి తెలుగోళ్ళం ఆఫీసుల్లో మాకు చిన్నచూపు అని ఏడుస్తూనే ఉన్నాం, ఆ ఏడుపులో నిజం లేకపోలేదు. ఈ షాపాయన కూడా తెలుగోడే మరి. ఆఫీసులో వంగిన నడుము సవరోళ్ళ దగ్గరకొచ్చేసరికి నిటారుగా అయిపోతుంది.

ఇదే ఊళ్ళో గిడుగు రామ్మూర్తి పంతులు గారు పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ సవరల దగ్గర తాను పాఠం నేర్చుకున్నారు, 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. గ్రాంథికం పెత్తనం మీద ఆయన చేసిన యుద్ధం అందరికీ గుర్తే, ఆగస్టు 29న దండలేస్తాం, ఈ సవర సంగతే సభల్లో రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

ఊరికే అడిగా, మీ దగ్గర సవర లిపి ఫాంట్ ఉందా అని. మంగేయ్ గొమాంగో 1936లో తయారుచేసిన సోరంగ్ సొంపెంగ్ లిపి అది, 2012లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే లిపుల పట్టికలో, కూడా చేరింది, ఫాంట్ ఫ్రీగానే దొరుకుతుంది. "అదెవడు టైప్ చేయించుకుంటాడు సార్" అని నవ్వాడు. నిజమే, తహసీల్లో ఆ కాగితం తీసుకునేవాడెవడు?

ఇంకోటి, నా దరఖాస్తు చదివి వినిపించమన్నా. పైన మహాశయ, తర్వాత సవినయ నివేదన, కింద ఆపణంకర విశ్వస్త (తమ విశ్వాసపాత్రుడు), మధ్యలో నా పొలం. నా సొంత పొలానికి ఇంత బతిమాలుడేంటి, కొంచెం తగ్గించి రాయవయ్యా అంటే "అలా రాస్తే పని అవ్వదు సార్" అన్నాడు. నేనూ నోర్మూసుకుని సంతకం పెట్టేశా.

మూడు స్టార్లు. ఉత్త టైపింగ్‌కైతే ఐదు. మధ్యాహ్నం భోజనాల టైంలో ఓనరు ఇంటికెళ్తాడు, అప్పుడు ఆ పనబ్బాయే కూర్చుంటాడు, టైపింగ్ కాస్త స్లో గానీ అందరినీ అండీ అంటాడు, వరసలో ఎవరు ముందొస్తే వాళ్ళదే ముందు చేస్తాడు. ముసలామె పని చేసి పెట్టింది కూడా వాడే. వెళ్తే ఆ టైంకి వెళ్ళండి, పట్టా ఒరిజినల్ మర్చిపోకండి.