చందా పుస్తకమా, ఆన్‌లైన్ లింకా, కంపెనీ డబ్బా? మా ముంపు కాలనీ సెంటర్‌కి ఏది మేలు

మొన్న ఆదివారం మళ్ళీ అదే గొడవ. సెంటర్ వరండాలో కూర్చుని టీ తాగుతుంటే బెంగళూరులో పనిచేసే మా చిన్నాన్న కొడుకు, "ఇంకా ఈ చందా పుస్తకాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం ఏందన్నా, ఒక లింకు చేసి వాట్సాప్‌లో పెడితే నాలుగు రోజుల్లో తేలిపోతుంది కదా" అన్నాడు. వాడు చెప్పింది సగం నిజమే. మిగతా సగం గురించే ఇది.

మాది కర్నూలు పక్కన శ్రీశైలం ముంపు నిర్వాసితుల కాలనీ. దేశం దాటి వచ్చినవాళ్ళయితే శరణార్థులంటారు. మా పెద్దోళ్ళు దాటింది నాలుగు ఆమడలే కాబట్టి కాగితాల్లో నిర్వాసితులు, వాడుకలో ముంపోళ్ళు. డ్యామ్ నీళ్ళ కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్ళు పోయాయి, సుమారు లక్షమంది కదిలారు. 1981లో ఇళ్ళు కూల్చి పంపించిన సంగతి మా అవ్వ ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతుంది. రూపాల సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి జగన్నాథగట్టు మీద మళ్ళీ కట్టారు, మనుషులకి మాత్రం అంత ఓపికగా ఎవరూ కట్టివ్వలేదనేది మా కాలనీలో పాత జోకు.

సెంటర్ అంటే పెద్ద భవనం ఏం ఊహించుకోకండి. రెండు రేకుల గదులు, ఒక వరండా. సాయంత్రం పిల్లలకి ట్యూషన్, మధ్యాహ్నం ఆడవాళ్ళకి కుట్టు మిషన్లు, బుధవారం కాగితాల పని. పింఛను, ఈకేవైసీ, పాస్‌బుక్కు, ముంపు కుటుంబాలకి ఉద్యోగాలిచ్చే 98 జీవో కింద పెట్టుకున్న అర్జీ ఎక్కడ ఆగిందో చూడటం, ఇవన్నీ. ఆ జీవో 1986 నాటిది, దాని కాగితాలు తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఇళ్ళు కూడా ఉన్నాయి మా దగ్గర.

డబ్బు రెండు రకాలుగా కావాలి, ఏది మేలో తేల్చేది ఈ తేడానే. ఒకటి, రేకులు తీసి స్లాబు వెయ్యడానికి ఒకేసారి పెద్ద మొత్తం. రెండోది, నెలనెలా కరెంటు బిల్లు, ట్యూషన్ చెప్పే అమ్మాయికి జీతం, జిరాక్స్ కాగితం. మొదటిదానికి ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. గోడ మీద పేరు పడుతుంది కదా. ఫ్యానుకైతే మరీను, మూడు రెక్కల మీదా "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని రాయించి తెస్తారు, ఫ్యాను తిరిగితే ఎవరికీ కనపడదు అది వేరే విషయం. మా రెండు గదులకి ఏడు ఫ్యాన్లు వచ్చాయి. వాటిని తిప్పే కరెంటుకి ఒక్కరు రాలేదు.

సరే, చందా పుస్తకం. పుస్తకానికి యాభై రసీదులు, నంబర్లు వేసి, అడుగు ముక్క మన దగ్గర ఉండేట్టు ప్రెస్సులో కొట్టిస్తే సరిపోతుంది. నెలకి ఇంటికి యాభై రూపాయలు. నూట ఇరవై ఇళ్ళు తిరిగితే డెబ్బై ఎనభై ఇళ్ళ నుంచి వస్తుంది, మిగతావాళ్ళు పనికి పోయుంటారు, లేదా "వచ్చే నెల చూద్దాంలే" అంటారు. అంటే మూడున్నర నుంచి నాలుగు వేలు. తిరిగేవాళ్ళ కాళ్ళు పడిపోతాయి, అది నిజం. కానీ మొదటి నెల ఒక అవ్వ ఇంటికి వెళ్ళినప్పుడు జరిగింది చెప్పాలి. చీర కొంగు ముడి విప్పి ఇరవై రూపాయల నోటు తీసింది, రసీదు రాస్తుంటే, "డోర్ నంబరు ఎందుకు నాయనా, మా ఊరు రాయి" అంది. మునిగిపోయిన ఊరు. రాశాం. ఆమె చదువుకోలేదు, గట్టిగా చదివించుకుని, మడిచి, అదే కొంగులో పెట్టుకుంది. తర్వాత కొట్టించిన పుస్తకంలో "పాత ఊరు" అని ఒక గడి పెట్టాం. ఆ నెల నుంచి తిప్పి పంపే ఇళ్ళు తగ్గాయి. పైగా యాభై ఇచ్చినోళ్ళు బుధవారం వచ్చి "ఏం చేస్తున్నారప్పా మా డబ్బుతో" అని నిలదీస్తారు. నాకు చిరాకే, కానీ లెక్కల పుస్తకం ఎప్పటికప్పుడు రాసి ఉందంటే ఆ భయం వల్లే.

ఇక్కడే మేము చేసిన తప్పు కూడా ఒప్పుకోవాలి. తిరగడానికి బద్ధకించి ఒక సభ్యుడి సొంత ఖాతా క్యూఆర్ కోడ్ వరండాలో అతికించాం. మూడు నెలలు బాగానే నడిచింది. అదే ఖాతా నుంచి ఆయన కూతురి కాలేజీ ఫీజు పోయింది, అదెట్లో బయటికొచ్చింది, ఇంక చూడండి. ఆయన ఒక్క రూపాయి తినలేదు, పాస్‌బుక్కు తెచ్చి అందరి ముందూ పరిచాడు, అయినా మాట పడ్డాడు. ఆ తర్వాతే బుద్ధొచ్చి సొసైటీ పేరు మీద ఖాతా తెరిచాం. ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు సభ్యులుంటే రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ పని ముందే చేసుంటే ఒక మంచి మనిషి దూరమయ్యేవాడు కాదు.

ఆన్‌లైన్ లింకు సంగతి. మిలాప్, కెట్టో లాంటి విరాళాల వెబ్‌సైట్లలో ఎక్కువగా కనపడేవి ఆసుపత్రి కేసులే, మంచం మీద పిల్లాడి ఫొటో ఉంటుంది. వాటి పక్కన మన రేకుల గది ఫొటో పెడితే ఎవరు ఆగుతారు? డబ్బు వచ్చేది మన వాట్సాప్ గ్రూపుల నుంచే, అంటే తమ్ముడి స్నేహితులు, హైదరాబాద్‌లో స్థిరపడ్డ మా కాలనీ పిల్లలు. మొదటి వారం బాగా వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. ఆన్‌లైన్‌లో డబ్బు చేరవేసే గేట్‌వే ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ పోగా మిగిలింది చేతికొస్తుంది. స్లాబుకి ఇది పనికొస్తుంది, ఒప్పుకుంటా. నెల ఖర్చుకి మాత్రం వద్దు, ఒకే మనిషిని నెలనెలా లింకు పంపి అడిగితే గ్రూపులోంచి లెఫ్ట్ అవుతాడు.

అమెరికాలో ఉన్న చుట్టాల దగ్గర జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, మన దేశం వాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళం కిందకే వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది రావాలంటే మామూలుగా సంస్థకి మూడేళ్ళు నిండి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి, ఖాతా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. మనలాంటి చిన్న సెంటర్‌కి అయ్యే పని కాదు. "మామ డాలర్లు పంపుతానన్నాడు" అని సంబరపడేముందు మామది ఏ దేశం పాస్‌పోర్టో అడగండి.

దాతకి ఆదాయపు పన్నులో మినహాయింపు తెచ్చే 80జీ గుర్తింపు ఉంటే దాతలు ఎగబడతారని ఒక ఆడిటర్ చెప్పాడు. అంత లేదు. సగం మొత్తానికి పన్ను మినహాయింపు వస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే, కొత్త విధానంలో అది లేదు. రెండు వేలు దాటిన నగదుకీ వర్తించదు. అయినా తీసుకోవాల్సిందే, ఎందుకంటే కంపెనీ గడప ఎక్కాలంటే అది కావాలి.

కంపెనీ డబ్బు అంటే సీఎస్‌ఆర్, కంపెనీల సామాజిక బాధ్యత కింద ఇచ్చేది. నికర లాభం 5 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నెట్‌వర్త్ (అప్పులు పోగా మిగిలే ఆస్తి) 500 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇట్లాంటి పనులకి పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతుంది. మన చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, ఓర్వకల్లు వైపు సోలార్ ఉంది, కాబట్టి ఆశ పుడుతుంది. కానీ సొసైటీకి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్), 80జీ, మూడేళ్ళ పని అనుభవం, సీఎస్‌ఆర్ పనులకి నమోదు చేసుకుంటే వచ్చే సీఎస్‌ఆర్-1 నంబరు, ఇవన్నీ ఉంటే తప్ప నేరుగా మన చేతికివ్వరు. "కమ్యూనిటీ హాలు కట్టుకుంటాం" అని రాస్తే పక్కన పడేస్తారు, కుట్టు శిక్షణ, పిల్లల చదువు అని రాస్తే కనీసం చదువుతారు. ఒక సంవత్సరం ఇచ్చి మరుసటి సంవత్సరం ఇంకో ఊరికి పోతారు, అప్పుడు టీచరమ్మకి జీతం ఎవరిస్తారు? అందుకే కంపెనీ డబ్బుతో జీతాలు మొదలుపెట్టొద్దంటాను, మిషన్లు, బెంచీలు తీసుకోండి.

ఎంపీ నిధుల మాటా వచ్చింది. ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, అడగొచ్చు, కట్టింది ప్రభుత్వ ఆస్తి అవుతుంది, తాళం చెవి మన దగ్గర ఉంటుందన్న గ్యారంటీ లేదు. అంతే.

ఎవరూ లెక్కలోకి తీసుకోనిది వస్తువు. డబ్బు అడిగితే తల గోక్కునే మనిషి బండలు అడిగితే సరే అంటాడు. బేతంచర్ల వైపు నాపరాళ్ళ పనిచేసేవాళ్ళలో మా కాలనీవాళ్ళకి తెలిసినాయన ఒకరు, సైజు తేడా వచ్చి అమ్ముడుపోని రాళ్ళు ఒక ట్రాక్టరు ఇచ్చాడు, కిరాయి మేము పెట్టుకున్నాం. వరండా పరిచింది దాంతోనే. అతుకులు సరిగ్గా కలవవు, కుర్చీ కాలు ఇరుక్కుంటుంది, అయినా దుమ్ము పోయింది.

కాబట్టి మా తమ్ముడికి నేను చెప్పింది ఇది: స్లాబుకి నువ్వు లింకు పెట్టు, ఒక్కసారే పెట్టు, సొసైటీ ఖాతాకే పెట్టు. నెల ఖర్చు చందా పుస్తకం మీదే నడవాలి, ఎంత తక్కువొచ్చినా. సీఎస్‌ఆర్ అర్జీ మూడేళ్ళు నిండాక. వాడు సగం ఒప్పుకున్నాడు.

ఫ్యాన్ల బాధకి ఒక ఉపాయం దొరికింది. గుమ్మం పక్కన నల్ల పలక తగిలించి, "ఈ నెల కరెంటు" అని రాసి, కట్టినవాళ్ళ పేరు, పాత ఊరు పేరు రాస్తున్నాం. ఫిబ్రవరికీ, మార్చికీ ముందే దొరికారు. ఏప్రిల్‌కి ఇద్దరు పోటీ పడితే చెరి సగం అన్నాం. మే నెల బిల్లు పెద్దది, ఏడు ఫ్యాన్లూ తిరుగుతాయి, ఆ గడి ఇంకా ఖాళీగా ఉంది.