హైదరాబాద్ – విజయవాడ: తొమ్మిదేళ్ల రాకపోకల అనుభవం

కూకట్‌పల్లిలో ఉద్యోగం చేస్తూ, విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్న అమ్మానాన్నలను చూడడానికి తొమ్మిదేళ్లుగా నెలకు రెండుసార్లు వెళ్లి వస్తున్నాను. ఆర్టీసీ బస్సు, ప్రైవేటు బస్సు, శాతవాహన, వందేభారత్ రైళ్లు, సొంత కారు అన్నింటిలోనూ ప్రయాణించాను. శని, ఆదివారాల్లో వెళ్లి రావాలనుకునేవారు బస్సు ఎన్ని గంటలు, రైలు ఎన్ని గంటలు అని కాక, ఈ ఇంటి గుమ్మం దిగిన దగ్గర నుంచి ఆ ఇంటి గుమ్మం ఎక్కేవరకు ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోవాలని నా అనుభవంలో తేలింది.

65వ నంబరు జాతీయ రహదారి మీద ఈ రెండు నగరాల మధ్య దూరం సుమారు 275 కిలోమీటర్లు. చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామల మీదుగా సాగే ఈ దారిలో, హైదరాబాద్‌కు విజయవాడ వైపున్న ఎల్బీ నగర్ దాటిన బస్సు మామూలు రోజుల్లో ఐదు గంటలకు అటూ ఇటూగా చేరుస్తుంది. చిక్కంతా ఎల్బీ నగర్ చేరడంలోనే ఉంది. మొదటి ఏడాది ఒక శుక్రవారం రాత్రి ప్రైవేటు బస్సు కోసం ఇంటి దగ్గరి స్టాపులో తొమ్మిదింటికి నిలబడితే, అది పదీ ఇరవైకి వచ్చి, ఊరంతా తిరుగుతూ ప్రయాణికులను ఎక్కించుకుని, హయత్‌నగర్ దాటేసరికి పన్నెండున్నర అయింది. ఇంటి దగ్గరే బస్సెక్కడం సుఖమనుకున్న నాకు ఆ రాత్రి పోయిన మూడున్నర గంటలు ఇప్పటికీ గుర్తున్నాయి.

2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీ నగర్ వరకు వచ్చాక నా పద్ధతి మార్చుకున్నాను. కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కితే గంట లోపే ఎల్బీ నగర్‌లో దిగవచ్చు. అదే దారిలో ఉన్న పెద్ద బస్‌స్టాండ్ ఎంజీబీఎస్‌లో దిగి బస్సు బయలుదేరే చోటే ఎక్కమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. అక్కడ ఎక్కితే మళ్లీ మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో బస్సుతోపాటు మనమూ ఇరుక్కుంటాం. టికెట్ తీసుకునేటప్పుడే ఎక్కే చోటు ఎల్బీ నగర్ అని ఎంచుకుని, పదిహేను నిమిషాల ముందు వెళ్లి నిలబడితే సరిపోతుంది. బరువైన పెట్టెలు, చిన్నపిల్లలు ఉన్నవారికి మాత్రం ఎంజీబీఎస్ నయం, ఎందుకంటే అక్కడ బస్సు ఆగి ఉంటుంది కాబట్టి తొందరపడకుండా ఎక్కవచ్చు.

కాజీపేట వైపు ఎక్కి మళ్లీ కిందికి దిగే రైలు మార్గం సుమారు 350 కిలోమీటర్లు ఉన్నా, వందేభారత్ దాదాపు నాలుగు గంటల్లో చేరుస్తుంది. 2023 సంక్రాంతికి మొదలైన బండి సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడింటికి బయలుదేరుతుంది కనుక, ఉద్యోగులకు సగం రోజు సెలవు పెట్టక తప్పదు. 2024 మార్చిలో వచ్చిన రెండోది తెల్లవారుజామున ఐదు దాటగానే కదులుతుంది, ఆ వేళకు మెట్రో ఉండదు, క్యాబ్ ఛార్జీ కూడా లెక్కలో వేసుకోవాలి. ఇన్ని చెప్పినా, నాన్నగారితో ప్రయాణమైతే నేను రైలే ఎంచుకుంటాను. ఆయనకు షుగర్ ఉంది. మధ్యలో మూత్రానికి వెళ్లే వీలుండదని, బస్సు దారిలో ఒక్కచోట ఆగేదాకా ఆయన మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చోవడం ఒకసారి చూశాక, టికెట్ ధరలో తేడాను నేను మళ్లీ లెక్కచూడలేదు.

కారుకు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర టోల్ కట్టాలి. నలుగురుంటే గిట్టుబాటవుతుంది, ఒక్కరికి దండగ.

పండుగల సంగతి వేరు. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్ ప్రయాణానికి అరవై రోజుల ముందే మొదలవుతుంది కాబట్టి, సంక్రాంతికి వెళ్లదలచినవారు నవంబరులోనే ఉదయం ఎనిమిదింటికి సిద్ధంగా కూర్చోవాలి. దసరా నవరాత్రుల్లో, అందులోనూ మూలా నక్షత్రం రోజున, ఇంద్రకీలాద్రి కింద వాహనాలను దారి మళ్లిస్తారు, మరో గంట అదనంగా వేసుకోవడం మంచిది. వానాకాలంలో నందిగామ దగ్గర రహదారిని దాటే మున్నేరు వరద వార్త చూడకుండా బయలుదేరకూడదు. 2023 జూలైలో ఐతవరం దగ్గర రహదారి మీదికి నీరు వచ్చి రాకపోకలు ఆగిపోయినప్పుడు నేను కోదాడ నుంచే వెనుదిరిగాను. 2024 సెప్టెంబరు వరదల్లోనూ ఈ దారి తెగింది.

ఇన్ని లెక్కల తరువాత కూడా వెళ్లేటప్పుడు రాత్రి బస్సే నాకు ఇష్టం. గొల్లపూడి, భవానీపురం దాటి, 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కగానే, ఎడమవైపు కొండమీద గుడి దీపాలు, కుడివైపు తెల్లవారుతున్న కృష్ణ కనిపిస్తాయి. కుడివైపు కిటికీ సీటు తీసుకోండి. ఆ తరువాత కొద్ది నిమిషాల్లోనే బస్‌స్టాండ్ వస్తుంది, అక్కడి నుంచి మా ఇంటికి ఆటోలో పావుగంట. నేను తలుపు తట్టేసరికి అమ్మ కాఫీ డికాషన్ దించుతూ ఉంటుంది.